నీ సీవీలో నువ్వెక్కడున్నావు బేటా?

మొన్న ఇషా నమాజ్ అయ్యాక మా ఆపా కొడుకు ఇంటికొచ్చాడు. చేతిలో ఫోను, మొహంలో ఫికర్. "మామూ, జరా మేరా సీవీ దేఖ్ లేతే?" అన్నాడు. పేపర్లో పనిచేసే మామూ ఉన్న ప్రతి ఖాందాన్‌లోనూ ఇది మామూలే. పెళ్లి రుఖా నుంచి కరెంటాఫీసుకు పెట్టే దర్ఖాస్తు దాకా అన్నీ మా దగ్గరికే వస్తాయి. కూచోబెట్టి చాయ్ తెప్పించి, కళ్లద్దాలు పెట్టుకున్నాను.

ఒక పెద్ద ఆస్పత్రిలో నెట్‌వర్క్ మొత్తం మార్చే పనట. ఆరు నెలల కాంట్రాక్టు. మధ్యలో ఉన్న వెండర్ శుక్రవారంలోపు సీవీ పంపమన్నాడు. పిల్లాడికిది జరూరత్. మా బావగారి బైపాస్ ఆపరేషన్‌కి తెచ్చిన ఖర్జా ఇంకా సగం అలాగే ఉంది.

సీవీ మూడు పేజీలుంది. మొదటి లైను: 'ఒక ప్రఖ్యాత సంస్థలో సవాళ్లతో కూడిన స్థానం కోరుతున్నాను.' ఈ లైనుని నేను కనీసం వందమంది పిల్లల సీవీల్లో చూశాను. దాని కింద ఓ డబ్బాలో ఇరవై మూడు టెక్నాలజీల పేర్లు. ఆ కింద 2020 జనవరి నుంచి ఇప్పటిదాకా బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీర్ అని ఉంది. ఆఖర్న వాలిద్ పేరు, మతం, పెళ్లయిందా లేదా, పాస్‌పోర్టు నంబరు, 'పైన రాసినదంతా నిజమని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను' అని సంతకం.

నేను అద్దాలు తీసి అడిగాను. "నువ్వు బెంగళూరు ఎప్పుడెళ్లావు బేటా?"

తల దించుకున్నాడు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాడు ఇరవై ఐదు వేలు తీసుకుని ఆ తజ్రిబా అమ్మాడట. లెటర్‌హెడ్డు మీద అనుభవ పత్రం, పే స్లిప్పులు, ఎవరైనా ఫోన్ చేస్తే 'అవును, మా దగ్గరే చేశాడు' అని చెప్పే ఒక నంబరు. అంతా ప్యాకేజీ.

"సరే. మరి ఆ రోజుల్లో నిజంగా ఎక్కడున్నావు?" అన్నాను.

అప్పుడు మొదలుపెట్టాడు. మొదట నసిగాడు గానీ పది నిమిషాల తర్వాత ఆపితే ఆగలేదు. 2020 అక్టోబరు నుంచి పద్నాలుగు నెలలు ఒక ప్రభుత్వ బ్యాంకు బ్రాంచీల్లో పాత రౌటర్లు తీసి కొత్తవి పెట్టే పనిలో ఉన్నాడు. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అరవైకి పైగా బ్రాంచీలు తిరిగాడు. సాయంత్రం కౌంటర్లు మూశాక లోపలికెళ్లడం, పాత సెట్టింగులు కాపీ చేసుకోవడం, కొత్త రౌటర్ ఎక్కించడం, అసలు లైను పీకేసి 4జీ సిమ్ మీదికి బ్రాంచి దానంతటదే మారుతోందా లేదా చూడటం, హైదరాబాద్‌లో కంట్రోల్ రూంకి ఫోన్ చేసి 'క్లియర్' అనిపించుకోవడం. పొద్దున మేనేజర్ వచ్చేసరికి అన్ని కంప్యూటర్లూ నడవాలి. నడవకపోతే ఊళ్లో పింఛను తీసుకోవడానికొచ్చిన ముసలివాళ్లు క్యూలో నిలబడి తిడతారు. "ఏక్ బార్ మిర్యాలగూడ మే గాలియాఁ ఖాయా మామూ" అని నవ్వాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఖాళీ. అబ్బా ఆపరేషన్. తర్వాత ఏడు నెలలు ఒక ఆస్పత్రిలో వైఫై పెట్టే పని. ఐసీయూ వరండాలో పగలు ఫాల్స్ సీలింగ్ తెరవనివ్వరు, దుమ్ము పడితే మరీజులకి ప్రమాదం. రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకా, ప్లాస్టిక్ షీట్లు కట్టుకుని, నిచ్చెన మీద నిలబడి చేశారు.

నేను చాయ్ కప్పు కింద పెట్టేశాను. "ఆస్పత్రిలో ఏడు నెలలు చేశావు. ఇప్పుడు అడుగుతున్నది ఆస్పత్రి పనే. సీవీలో అది ఏది?"

"వో ఛోటా కామ్ హై మామూ. నిచ్చెన ఎక్కే పని. వో నై లిఖ్‌తే."

ఇదే నేనివాళ చెప్పదలచుకున్నది. మన పిల్లలు సీవీలో ఝూట్ రాస్తున్నారని అందరం అంటాం. కానీ అంతకన్నా పెద్ద నుక్సాన్ ఇంకోటి ఉంది. వాళ్లు తమ సచ్‌ని చెరిపేస్తున్నారు. మెహనత్ చేసి సంపాదించిన అస్లీ తజ్రిబాని షరమ్ పడి కొట్టేసి, ఆ ఖాళీలో డబ్బులిచ్చి కొన్న నక్లీ తజ్రిబాని అతికిస్తున్నారు. నక్లీది దొరికిపోతుంది, అస్లీది ఎవరికీ తెలియకుండానే పోతుంది. రెండువైపులా దివాలా.

ఇది పిల్లల మీద నింద వేయడానికి రాయడం లేదు. నేనూ ఆ పని చేసినవాణ్నే. డిగ్రీ తెలుగులో చేశాక మొదటి నౌకరీకి బయోడేటా రాసుకున్నప్పుడు ఉర్దూ మీడియం బడి సంగతి దాచాను. తెలుగు పేపర్లో ఉర్దూ మీడియం వాడంటే నవ్వుతారని భయం. డెస్కులో చేరిన కొన్నాళ్లకి పాతబస్తీ నుంచి ఒక ఉర్దూ ప్రకటన వచ్చింది. చదివే దిక్కు లేదు. నేను చదివి తెలుగు చేసి పెట్టాను. మా ఇన్‌ఛార్జి నా వంక చూసి, "ఈ డెస్కులో ఇంకెవరికీ రానిది నీకొచ్చు. దాన్ని రాయకుండా 'కష్టపడి పనిచేస్తాను' అని రాసుకున్నావేమయ్యా?" అన్నారు. ఆ మాట ఇరవై ఏళ్లయినా మర్చిపోలేదు. మనం ఏది తక్కువ అనుకుని దాస్తామో, చాలాసార్లు మన దగ్గరున్న కీమతీ చీజ్ అదే.

ఇక పనిలోకి వద్దాం. నేను ఇంజనీర్‌ని కాను. కానీ మా భాంజాతో పాటు కాంట్రాక్టుల్లో పండిపోయిన ఇద్దరు ముగ్గురు నెట్‌వర్క్ ఇంజనీర్లతో కూచుని, మనుషుల్ని తీసుకునే ఒక దోస్త్‌ని అడిగి తెలుసుకున్నవి ఇవి.

మొదట అర్థం చేసుకోవాల్సింది, కాంట్రాక్టు నౌకరీకీ పర్మనెంట్ నౌకరీకీ సీవీ ఒకటి కాదు. పర్మనెంట్‌కి తీసుకునేవాడు పెళ్లి సంబంధం చూసినట్టు చూస్తాడు. పదేళ్లు ఉంటాడా, ఎదుగుతాడా అని. కాంట్రాక్టుకి తీసుకునేవాడిది వేరే లెక్క. ఇంట్లో కుళాయి పగిలి నీళ్లు పారుతుంటే ప్లంబర్‌ని పిలిచే మనిషి లాంటివాడు. ప్లంబర్ జీవితాశయం అతనికి అక్కర్లేదు. ఈ రకం పైపు ఇంతకుముందు మార్చావా, రేపొస్తావా, ఎంత తీసుకుంటావు? ఇంతే. అందుకే 'సవాళ్లతో కూడిన స్థానం' అనే లైను తీసేశాం. దాని జాగాలో మూడు లైన్లు పెట్టాం. ఇంగ్లీషులోనే రాశాం గానీ మతలబ్ ఇది: బ్రాంచి నెట్‌వర్కులు, ఆస్పత్రి వైఫై ప్రాజెక్టుల్లో ఫీల్డ్ ఇంజనీర్, రౌటర్, స్విచ్ మార్పిడి, రాత్రి డ్యూటీ అలవాటు, హైదరాబాద్‌లో వెంటనే చేరగలను, తెలంగాణ జిల్లాలకి తిరగగలను, బండి ఉంది, ఉర్దూ తెలుగు ఇంగ్లీషు మాట్లాడతాను.

'బండి ఉంది' అనేది సీవీలో రాస్తారా అని పిల్లాడు నవ్వాడు. రాత్రి రెండింటికి లింకు పడితే బస్సులుండవు కదా? ఫీల్డ్ పనికి బండి కూడా ఒక అర్హతే. గల్ఫ్ కాంట్రాక్టు అయితే బండి బదులు పాస్‌పోర్టు ఎప్పటిదాకా చెల్లుతుంది, డిగ్రీ అటెస్టేషన్ అయిందా, అక్కడే ఉన్నవాళ్లయితే ఇఖామా ట్రాన్స్‌ఫర్ అవుతుందా అనేవి రాయాలి. పాస్‌పోర్టు నంబరు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. అది వంద ఫోన్లలో తిరిగే కాగజ్ మీద ఉండాల్సింది కాదు. వాలిద్ పేరు, మతం, పెళ్లి సంగతీ కొట్టేశాం. వాటితో రౌటర్ నడవదు.

రెండోది, ప్రాజెక్టు రాసే తీరు. పాత సీవీలో 'ఎల్‌ఏఎన్, డబ్ల్యూఏఎన్ ట్రబుల్‌షూటింగ్ బాధ్యతలు నిర్వహించాను' అని ఉండేది. ఇది ఎవరైనా రాయొచ్చు, ఎవరూ నమ్మరు. ప్రతి ప్రాజెక్టుకీ ఐదు సవాళ్లు వేసుకున్నాం. ఎన్ని జాగాలు? ఏ సామాను? పాతది ఏది, కొత్తది ఏది? అందులో నీ చేత్తో చేసింది ఎంత? చివరికి ఏమైంది? జవాబులు రాసుకుంటే సీవీ లైను దానంతటదే వచ్చింది: 'మూడు జిల్లాల్లో అరవైకి పైగా బ్యాంకు బ్రాంచీల్లో రౌటర్ల మార్పిడి, ప్రతి బ్రాంచిలో బ్యాకప్ లింకు పరీక్ష, పని రాత్రి చేసి పొద్దున బ్రాంచి తెరిచేలోపు అప్పగింత.'

'నీ చేత్తో చేసింది ఎంత' అన్న సవాల్ దగ్గర ఆగాలి. సెట్టింగులు పైనుంచి డిజైన్ టీం తయారు చేసి పంపింది. వీడు ఎక్కించాడు, పరీక్షించాడు, తేడా వస్తే పట్టుకున్నాడు. అదే రాశాం. 'డిజైన్ చేశాను' అని రాయలేదు. మనం అలా రాస్తే ఇంటర్వ్యూలో 'ఈ అడ్రస్ ప్లాన్ ఇలాగే ఎందుకు పెట్టావు?' అని మొదటి సవాలే గొంతుకి అడ్డం పడుతుంది.

మూడోది, ఇరవై మూడు టెక్నాలజీల డబ్బా. దాన్ని మూడు ముక్కలు చేశాం. రోజూ చేతిలో ఉన్నవి. సీనియర్ పక్కనుండగా చేసినవి. ల్యాబ్‌లో మాత్రమే చేసినవి. మూడో వరసకి 'ల్యాబ్' అనే పేరు పెట్టడానికి పిల్లాడు జంకాడు. కానీ ప్యాకెట్ ట్రేసర్‌లోనో, జీఎన్ఎస్3లోనో, ఈవీఈ-ఎన్జీలోనో రాత్రుళ్లు కూచుని కట్టిన నెట్‌వర్కు షరమ్ పడే చీజ్ కాదు. దాన్ని నౌకరీలో చేశానని చెప్పడం షరమ్.

ఎందుకంటే అడిగేవాడికి తెలుసుకునే తరీఖా తెలుసు. వాడు నిర్వచనాలు అడగడు. 'నీకేం కనపడింది?' అని అడుగుతాడు. నా దోస్త్ చెప్పిన ఉదాహరణ వినండి. రెండు నెట్‌వర్కుల మధ్య దారులు చెప్పుకునే బీజీపీ అని ఒక ప్రోటోకాల్ ఉంది. సీవీలో దాని పేరున్న ప్రతివాణ్నీ ఆయన ఒకటే అడుగుతాడు: "అవతలి రౌటర్ స్థితి 'యాక్టివ్' అని చూపిస్తోంది. బాగున్నట్టా, లేనట్టా?" పుస్తకం పైపైన చూసినవాడు 'యాక్టివ్ అంటే నడుస్తున్నట్టే' అంటాడు. గల్తీ. బీజీపీలో యాక్టివ్ అంటే కనెక్షన్ కోసం ఇంకా తంటాలు పడుతున్నట్టు. కుదిరితే 'ఎస్టాబ్లిష్డ్' అని వస్తుంది. ఒక్క రాత్రి ఆ తెర ముందు కూచుని చెమట పట్టినవాడు ఈ తేడా జిందగీలో మర్చిపోడు. అలాగే ఓఎస్‌పీఎఫ్‌లో పక్క రౌటర్ 'ఎక్స్‌స్టార్ట్' దగ్గరే ఇరుక్కుపోతే ముందు ఏం చూస్తావు అని అడుగుతాడు. రెండు వైపులా ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దది పోవచ్చనే కొలత, ఒకేలా ఉందా అని చూస్తాననేవాడు పని చేసినవాడు.

డబ్బాలో ఇరవై మూడు పేర్లుంటే ఇరవై మూడు తలుపులు తెరిచిపెట్టినట్టు. దేంట్లోంచైనా దూరొచ్చు. ఎనిమిదే ఉంచి, ఎనిమిదింటి దగ్గరా నువ్వే నిలబడు.

సర్టిఫికెట్ల సంగతీ అంతే. సీసీఎన్ఏ రాశావు, భేష్. ఎప్పుడు పాసయ్యావో నెల, సంవత్సరం రాయి. సిస్కో ఆ సర్టిఫికెట్‌కి మూడేళ్లే ఆయుష్షు ఇస్తుంది. ముద్దత్ దాటితే దాటిందని రాయి, మళ్లీ రాసే తేదీ ఉంటే అదీ రాయి. 2020 ఫిబ్రవరిలో ఆ పరీక్ష మారి 200-301 అయింది, అందులో ఆటోమేషన్ కూడా చేర్చారు. ఇప్పుడు చేత్తో అరవై రౌటర్లకి అరవైసార్లు టైపు చేసేవాడి కన్నా, పైథాన్‌లో ఒక చిన్న స్క్రిప్టు రాసి అరవైంటి సెట్టింగులూ బ్యాకప్ తీసుకునేవాడికి కీమత్ ఎక్కువ. మా వాడికి అది కొంచెం వచ్చు. తన ల్యాబ్ కోసం రాసుకున్న స్క్రిప్టు గిట్‌హబ్‌లో పెట్టి, లింకు సీవీలో ఇచ్చాం. అది చెప్పుకునేది కాదు, చూపించుకునేది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. క్లయింట్ నెట్‌వర్క్ మీ దగ్గర అమానత్. కొందరు పిల్లలు పనితనం చూపించాలనే షౌక్‌లో బ్యాంకు ఐపీ అడ్రసులు, డయాగ్రాములు, స్క్రీన్‌షాట్లు సీవీకి అతికిస్తున్నారు. అది ఖియానత్. పైగా చూసేవాడు తెలివైనవాడైతే, 'రేపు మాదీ ఇలాగే ఊరంతా పంచుతాడు' అని పక్కన పెడతాడు. పేరు చెప్పకూడదని కాగితం రాసిచ్చి ఉంటే 'ఒక ప్రభుత్వరంగ బ్యాంకు' అని రాస్తే చాలు.

నాలుగోది, చిన్న చిన్న ముద్దత్‌ల తలనొప్పి. పద్నాలుగు నెలలు, ఏడు నెలలు, మూడు నెలలు. చూసేవాడికి ఇది నిలకడలేనివాడి లెక్క లాగా కనపడుతుంది. కానీ కాంట్రాక్టులో పని అయిపోతే మనిషి బయటికి రావాల్సిందే. ఇల్లు కట్టడం అయ్యాక మేస్త్రీ అక్కడే ఉంటాడా? కాబట్టి ప్రతిదాని పక్కనా 'కాంట్రాక్టు, ప్రాజెక్టు పూర్తయింది' అని రాశాం. జీతం ఇచ్చిన కంపెనీ ఒకటి, పనిచేసిన జాగా ఇంకోటి అయితే రెండూ రాశాం: ఫలానా కంపెనీ పేరోల్ మీద, ఫలానా బ్యాంకు దగ్గర. ఇది రాయకపోతే వెరిఫికేషన్‌లో 'ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు' అని బ్యాంకు అంటుంది. నిజం చెప్పినవాడు కూడా ఝూటా అయిపోతాడు.

ఎనిమిది నెలల ఖాళీ దగ్గర మా వాడి గొంతు పట్టేసింది. ఆ ఖాళీకే కదా బెంగళూరు కొన్నది. "అబ్బా పక్కన ఆస్పత్రిలో కూచున్నా మామూ, అది ఎలా రాసేది?" ఒక్క లైను రాశాం. 'ఇంట్లో తండ్రి శస్త్రచికిత్స, సంరక్షణ. ఈ కాలంలోనే సీసీఎన్ఏ పూర్తి.' వాడు నిజంగానే ఆ ఆస్పత్రి వరండాలో ఫోన్‌లో పాఠాలు వింటూ ఆ పరీక్ష పాసయ్యాడు. తండ్రిని చూసుకున్న కొడుకు దాక్కోవాలా? ఏ ఇజ్జత్‌దార్ మనిషి అయినా ఆ లైను చదివి ఒక నిమిషం ఆగుతాడు. ఆగనివాడి దగ్గర పని దొరక్కపోయినా పర్వాలేదు.

"సచ్ రాస్తే షార్ట్‌లిస్ట్ కాదు మామూ. అందరూ ఐదేళ్లు అడుగుతున్నారు." ఇది వాడి సవాల్. మీలో చాలామందిదీ ఇదేనని తెలుసు. కొట్టిపారేయను. రెండేళ్ల తజ్రిబా చాలే పనికి ఐదేళ్లు అడగడం ప్రకటనలు రాసేవాళ్ల జులుం. ప్రాజెక్టు అయ్యాక అనుభవ పత్రం అడిగితే నెలలు తిప్పే పేరోల్ కంపెనీలది ఇంకో జులుం. పిల్లాడికి తెలియకుండా సీవీలో రెండేళ్లు కలిపి పంపే వెండర్లూ ఉన్నారు. ఝూట్ బజారు పెట్టింది మన పిల్లలు కాదు.

కానీ ఆ బజారులో మునిగేది మాత్రం వాళ్లే. మా గల్లీలోనే ఒకతను కొన్న తజ్రిబాతో చేరాడు. రెండు నెలలకి వెరిఫికేషన్ వచ్చింది. 2014 నుంచి పీఎఫ్‌కి యూఏఎన్ నంబరుంది. జీతంలో పీఎఫ్ కోసినవాడు ఎవడు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది అందులో కనపడుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగితే జీతం పడిన లైను చూపించాలి. పే స్లిప్పు ప్రింటు చేయొచ్చు, మూడేళ్ల కింద బ్యాంకులో పడిన జీతాన్ని ఇవాళ ప్రింటు చేయలేం. అతన్ని ఒక్క రోజులో పంపేశారు. అంతకన్నా బాధ, ఆ కంపెనీకి అతన్ని సిఫారసు చేసిన ఇంకో మనవాడు బదనాం అయ్యాడు. ఆ తర్వాత ఎవరి కోసమూ నోరు తెరవలేదు. ఒకడి ఝూట్ ఇంకో పదిమందికి తలుపు మూసేసింది.

దీనికి దీనీ మాట కూడా ఒకటి ఉంది, పొడిగించను. ఝూటీ గవాహీ కబీరా గునాహ్ అని మక్తబ్‌లో చదివే చిన్న పిల్లాడికీ తెలుసు. సీవీ అంటే మన గురించి మనం ఇచ్చే గవాహీయే. దాని మీద మొదలైన రిజ్క్‌లో బర్కత్ ఎలా వెతుక్కుంటాం?

మరి షార్ట్‌లిస్ట్ ఎలా అవ్వాలి? ప్రకటనలో ఏ మాట వాడారో, నువ్వు నిజంగా చేసిన చోట అదే మాట వాడు. వాళ్లు 'మైగ్రేషన్' అంటే నువ్వు 'రీప్లేస్‌మెంట్' అని రాస్తే వెతికే సాఫ్ట్‌వేర్‌కి దొరకవు. పొట్టి పేరూ, పూర్తి పేరూ రెండూ ఒకసారి రాయి. రంగుల డబ్బాలు, బొమ్మలు, నక్షత్రాల రేటింగులు తీసెయ్యి. రెండు పేజీలు దాటొద్దు. వెండర్‌కి పీడీఎఫ్ పంపి, 'మీరు క్లయింట్‌కి పంపినది నాకూ ఒక కాపీ ఇవ్వండి' అని అడుగు. ఏ వెండర్‌కి ఏ క్లయింట్ కోసం ఇజాజత్ ఇచ్చావో రాసి పెట్టుకో. ఒకే పనికి ఇద్దరు వెండర్లు నీ సీవీ పంపితే, ఎవరికి కమీషన్ ఇవ్వాలనే లొల్లి ఎందుకని చాలా చోట్ల ఇద్దర్నీ వదిలేస్తారు. మధ్యలో పోయేది నీ నౌకరీ.

ఇక పేరు. ఇది మన ఇళ్లలో ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి. మా వాడి ఎస్సెస్సీ మెమోలో 'ఎండీ', ఆధార్‌లో 'మొహమ్మద్', పాస్‌పోర్టులో స్పెల్లింగ్ మార్చి 'మహమ్మద్'. మనకి ఒక్కటే, వెరిఫికేషన్ వాడికి ముగ్గురు మనుషులు. సీవీలో పాస్‌పోర్టు మీదున్న పేరే అక్షరం తేడా లేకుండా రాయండి, మిగతా కాగితాలు దానికి సరిచేయించుకోండి. ఆఫర్ వచ్చాక మీసేవ చుట్టూ తిరిగితే చేరే తేదీ దాటిపోతుంది.

దోస్తులెవరో మా వాడికి ఇంకో సలహా కూడా ఇచ్చారట, సీవీ మీద మొహమ్మద్ తీసేసి ముద్దుపేరు పెట్టుకో, ఫోన్లు వస్తాయి అని. ఇది ఊరికే పుట్టిన మాట కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ఈపీడబ్ల్యూలో అచ్చువేసిన పరిశోధన ఉంది. ఒకే అర్హతలతో వేరే వేరే పేర్ల మీద ప్రైవేటు నౌకరీలకి దర్ఖాస్తులు పంపి చూస్తే, అగ్రకులం పేరున్నవాళ్లతో పోలిస్తే దళిత, ముస్లిం పేర్లున్నవాళ్లకి పిలుపు వచ్చే అవకాశం తక్కువని తేలింది. ఈ బేఇన్సాఫీని సీవీ సరిచేయలేదు, చేస్తుందని నేను ఝూట్ చెప్పను. కానీ పేరు దాచి ఫోన్ తెచ్చుకుంటే, గేటు పాస్ రాసే దగ్గర ఆ పేరు బయటికొస్తుంది కదా? అప్పుడు నువ్వు దాచినవాడివి అవుతావు. మన చేతిలో ఉన్నది ఒకటే, పేరు దాటి కిందికి దిగిన కళ్లకి మొదటి సగం పేజీలోనే 'వీణ్ని వదిలితే నాకే నష్టం' అనిపించడం. కుళాయి పగిలినవాడు ప్లంబర్ పేరు కాస్త తక్కువ చూస్తాడు. అందరూ కాదు, కొందరైనా.

చివరగా ఒక అలవాటు చెప్పి ముగిస్తాను. నేను మొదట్లో స్ట్రింగర్‌ని. జీతం లేదు, అచ్చయిన దానికి కొలిచి ఇచ్చేవాళ్లు. అది కూడా ఒక కాంట్రాక్టే. కానీ నాకొక సౌకర్యం ఉండేది. అచ్చయిన ప్రతి వార్తా కోసి పాత డైరీలో అంటించేవాణ్ని. నౌకరీకెళ్లినప్పుడు ఆ డైరీయే మాట్లాడింది. నెట్‌వర్క్ పనివాడికి ఆ కటింగులు లేవు. పని బాగా చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు, అంతా నడుస్తూనే ఉంటుంది. చెడితేనే పేరొస్తుంది. అందుకే వాడి పనిని వాడే రాసుకోవాలి. ఒక రోజ్‌నామ్‌చా పెట్టు. తేదీ, జాగా, ఏం మార్చావు, ఏం చెడింది, ఎలా పట్టుకున్నావు. క్లయింట్ రహస్యాలు కాదు, నీ పని. ప్రాజెక్టు అయిన రోజే సూపర్‌వైజర్‌తో రెండు లైన్ల మెయిల్ రాయించుకో. ఆర్నెల్ల తర్వాత ఆయన నంబరు మారిపోతుంది.

జకాత్ డబ్బుతో కోచింగ్ పెట్టే పెద్దలకీ, మస్జిద్ కమిటీల్లో ఉన్నవాళ్లకీ ఒక దర్ఖాస్తు. సీవీ నమూనాలు జిరాక్సులు తీసి పంచకండి. అవి అందరి సీవీల్నీ ఒకేలా చేస్తున్నాయి. ఒక ఆదివారం ఒక్కో పిల్లాణ్ని కూచోబెట్టి గంటసేపు అడగండి, 'నువ్వు ఇప్పటిదాకా ఏం చేశావు?' అని. నిచ్చెన ఎక్కానంటే ఎక్కడ, ఎందుకు, ఎక్కి ఏం చేశావని అడగండి. వాళ్ల హునర్ వాళ్ల నోటితోనే బయటికి రావాలి.

మా వాడు గురువారం రాత్రే సీవీ పంపాడు, రెండు పేజీలు. కొన్న పత్రాలు వాడి చేతే చింపించాను. ఇరవై ఐదు వేలు పోయినట్టే, అది వేరే సబక్. సోమవారం ఫోన్ ఇంటర్వ్యూలో ఐసీయూ దగ్గర పగలు పని ఎందుకు చేయకూడదో అడిగారట. పావుగంట చెప్పాడట. ఇంకా జవాబు రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు. కానీ ఇంటికొచ్చి మా ఆపాతో అన్న మాట ఆమె నాకు ఫోన్‌లో చెప్పింది: "అమ్మీ, ఇవాళ ఏమీ బట్టీ పట్టి పోలేదు."